కక్షిదారు లేని వకీలు

ప్రశ్న:

నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం వైపు. నా వయసు 34. పదో తరగతి దాకా తెలుగు మీడియం. విశాఖలో లా చదివి, తొమ్మిదేళ్ళుగా మా జిల్లా కోర్టుల్లోనే ప్రాక్టీసు చేస్తున్నాను. 2018 నవంబరులో గుజరాత్ వైపు వేటకి వెళ్ళిన మన జాలర్లు పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడినప్పుడు వాళ్ళ కుటుంబాలకి అర్జీలు రాసిపెట్టిన జూనియర్లలో నేనూ ఉన్నాను. అప్పుడు రాసిన ఒక అర్జీ నకలు దీంతో పంపుతున్నాను. దాన్ని చదివి వినిపిస్తే ఒక ముసలమ్మ "మావోడు ఎప్పుడొత్తాడో అందులో రాసున్నాదా అమ్మా?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. మనసంతా మానవ హక్కుల పని మీదే ఉంది.

ఈమధ్య ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయంలో సీనియర్ లీగల్ అడ్వైజర్ పోస్టుకి ప్రకటన చూశాను. బార్‌లో చెబితే "సిక్కోలు నుంచి జెనీవాకా?" అని నవ్వారు. ఆ పని అసలు ఏమిటి? నాలాంటిదానికి అందుతుందా? విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు మూడు లక్షలు కడితే ఇప్పిస్తామంటున్నారు. విదేశంలో ఎల్ఎల్ఎం చేస్తే మంచిదని మరికొందరు అంటున్నారు. తిత్లీ తుఫానులో పోయాక మళ్ళీ వేసుకున్న జీడితోట ఎకరంన్నర ఉంది, అది అమ్మేద్దామని నాన్న అంటున్నారు. మావారు హైస్కూల్లో టీచరు. పాప మూడో తరగతి. అత్తగారికి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్, నేనే తీసుకెళ్తాను.

– ఒక న్యాయవాది, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

అమ్మా,

ముందు ఆ కన్సల్టెన్సీ సంగతి. ఐక్యరాజ్యసమితి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా, రాత పరీక్ష రాసినా, ఇంటర్వ్యూకి వెళ్ళినా, ఏ దశలోనూ ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. అడిగినవాడు మోసగాడే. ఆ నంబరు ఫోన్లోంచి తీసెయ్యండి. తొమ్మిదేళ్ళుగా చీటింగు కేసులు చూస్తున్న ప్లీడరుకి కూడా ఇది ఒకరు చెప్పాల్సి వచ్చిందంటే ఆశ మనిషినెంత మెత్తబరుస్తుందో చూడండి.

నవ్వినవాళ్ళని కూడా వదిలెయ్యండి. నేను విజయనగరం కోర్టుల్లో ఏడేళ్ళు నల్లకోటు వేసుకున్నాను. తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా అలాంటి కార్యాలయాల్లోనే గడిపి, ఇప్పుడు కోట దగ్గర మా పుట్టింటి డాబా మీద మొక్కలకి నీళ్ళు పోసుకుంటున్నాను. వెళ్ళేటప్పుడు మా బార్‌లోనూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్విన పెద్దమనిషే పదేళ్ళ తర్వాత మనవడి బయోడేటా పట్టుకుని మా నాన్నగారి దగ్గరికి వచ్చారు. ఏయే దేశాల్లో పనిచేశానో మాత్రం రాయను. దిగిపోయాక కూడా నోరు కట్టుకుని ఉండాలన్నది ఆ కొలువు షరతు.

ఇక పని ఏమిటన్న ప్రశ్న. ప్రకటనలో రాసే పెద్ద పెద్ద మాటలు పక్కన పెట్టండి. పొద్దున్నే వెళ్ళి కూర్చుంటే బల్ల మీద ఏముంటుందో చెబుతాను.

కాగితాలుంటాయి. ఊళ్ళు తిరిగే ఉద్యోగులు రాసుకొచ్చిన నివేదిక ముసాయిదా ఒకటి. ఆ దేశ ప్రభుత్వం తేబోతున్న ఎమర్జెన్సీ బిల్లు మీద అభిప్రాయం అడిగిన ఫైలు ఒకటి. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో నాలుగో అధికరణం ఉంది కదా, దేశానికి ఎంత ఉపద్రవం వచ్చినా ఏ హక్కుల జోలికి పోకూడదో అందులో ఉంటుంది. బిల్లులో ప్రతి క్లాజునీ దాని పక్కన పెట్టి చూసుకోవాలి. స్థానిక కోర్టు మా ఉద్యోగిని సాక్షిగా రమ్మని సమన్లు పంపితే ఏం జవాబివ్వాలన్నది ఇంకో ఫైలు. ఐక్యరాజ్యసమితి ఉద్యోగులకి ఉండే రక్షణ 1946 నాటి ఒప్పందం కింద సంస్థ కోసం ఇచ్చింది, మనిషి సొంత సుఖానికి ఇచ్చింది కాదు. దాన్ని వదులుకోవాలంటే సెక్రటరీ జనరల్ ఒప్పుకోవాలి. మా డ్రైవరు సంతలో ఎవరి మేకనో గుద్దేసినా ఆ ఫైలు నా బల్ల మీదికే వచ్చేది. పేరు సీనియర్ లీగల్ అడ్వైజర్, వాదన ఆ మేక ఖరీదు మీద!

ఇన్ని ఫైళ్ళున్నా ఆ బల్ల మీద ఒక్క వకాలత్ ఉండదు. వేలిముద్ర వేసి మీ చేతిలో పెట్టే మనిషి ఉండడు. మీరు సలహా ఇచ్చేది కార్యాలయం పెద్దకి. ఆయన తీసుకోవచ్చు, పక్కన పెట్టచ్చు. వాయిదా లేదు, జడ్జి లేడు, ఆర్డరు లేదు. కిందామీదా పడి తప్పు జరిగిందని తేల్చినా దాన్ని అమలు చేయించమని ఈపీ వేయడానికి కోర్టు లేదు. 1993 డిసెంబరు 20న సర్వప్రతినిధి సభ ఈ కార్యాలయానికి పెద్దగా హైకమిషనర్ పదవిని పెట్టినప్పుడు చేతికి లాఠీ ఇవ్వలేదు. వెళ్ళి చూడచ్చు, అడగచ్చు, రాయచ్చు. ఆ రాసిన వాక్యం నిలబడితేనే కార్యాలయానికి పరువు. దానికి కాపలా కూర్చునే పని మీది.

ఇది మొదట్లో ఎవరికీ తలకెక్కదు. ఒకచోట ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. మా కుర్రాడొకడు పన్నెండు రోజులు ఆ ఊళ్ళన్నీ తిరిగి ముసాయిదా రాసుకొచ్చాడు. "భద్రతా బలగాలు 14 మందిని కాల్చి చంపాయి" అన్నది మొదటి వాక్యం. వాడి నోట్సు తెప్పించుకుని ఒక్కో పేరూ చూశాను. తొమ్మిది పేర్లకి ఇద్దరేసి సాక్షులున్నారు, వాళ్ళు ఒకరినొకరు ఎరగరు. ఆసుపత్రి రిజిస్టరు ఫోటో కూడా ఉంది. మూడు పేర్లు ఒక్కొక్కరే చెప్పినవి. మిగతా రెండూ "అవతలి ఊళ్ళో కూడా ఇద్దరు పోయారట" అని టీకొట్టు దగ్గర విన్నవి. నేను 14 కొట్టేసి 9 వేశాను.

"అయితే ఆ ఐదుగురూ చావలేదంటారా?" అన్నాడు. పన్నెండు రోజులుగా నిద్రలేని కళ్ళు వాడివి.

చచ్చే ఉంటారని నాకూ అనిపించింది. అయినా చివరికి వెళ్ళిన వాక్యం ఇది: "బలగాల కాల్పుల్లో తొమ్మిది మంది చనిపోయారని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయి. మరో ఐదుగురి గురించి అందిన సమాచారాన్ని కార్యాలయం పరిశీలిస్తోంది." మన సెషన్స్ కోర్టులో అడిగే 'సందేహానికి తావులేకుండా' కంటే ఈ 'సహేతుకమైన కారణాలు' ఒక మెట్టు కింద ఉంటుంది. అక్కడ ఎవరికీ శిక్ష వేయరు కాబట్టి ఆ మెట్టు చాలు. టీకొట్టు మాట మాత్రం ఆ మెట్టుకీ అందదు. ఆ కుర్రాడు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఈ విద్య నాకు జెనీవాలో ఎవరూ నేర్పలేదు. విజయనగరంలో మా సీనియరు గారు డిపోజిషన్ (సాక్షి కోర్టులో చెప్పిన వాంగ్మూలం) నకలు ముందు పెట్టుకుని, పెన్ను వెనక్కి తిప్పి, ఒక్కో వాక్యం మీద టక్కుమని కొట్టేవారు. "ఇది చూసిందా, విన్నదా?" సాక్ష్యాల చట్టం 60వ సెక్షన్ మొత్తం ఆయన నోట్లో ఆ రెండు ముక్కలే. కొత్త చట్టంలో సెక్షన్ నంబరు మారింది గానీ ప్రశ్న మారలేదు. మీరు తొమ్మిదేళ్ళుగా రోజూ చేస్తున్నది అదే. మెజిస్ట్రేటు కోర్టులో క్రాస్ చేసినవాళ్ళకి సాక్షి ఎక్కడ తడబడతాడో తెలుస్తుంది. పెద్ద యూనివర్సిటీల్లో మానవ హక్కులు చదివి నేరుగా వచ్చిన నా సహోద్యోగులు చాలామందికి ఆ ముక్కు లేదు. ఒడంబడికలు వాళ్ళకి నాకంటే బాగా వచ్చు, అది వేరే సంగతి.

ఒక్కసారి నేనూ తప్పాను. పొద్దున్న నివేదిక విడుదల, రాత్రి పదకొండు దాటింది. చివర్లో మృతుల జాబితా. ఒక పేరు ఎదురుగా ఎవరు చెప్పారన్న గడి ఖాళీగా ఉంది. రేపు అడుగుదాంలే అనుకుని సంతకం పెట్టేశాను. మూడోరోజు ఆ మనిషి అక్కడి టీవీలో కనిపించాడు, ఇంటి ముందు కుర్చీ వేసుకుని, చేతిలో టీ గ్లాసుతో. అరవై పేజీల నివేదికలో మిగతాదంతా నిజం. ఇక ఎవడు చదువుతాడు? జాబితాలో ఉన్న మిగతావాళ్ళ తల్లులు మా గేటు దగ్గరికి వచ్చారు. "మావాడు పోయిందీ అబద్ధమేనంటున్నారమ్మా" అన్నారు. ఆ గడి నింపాల్సింది నేనే. ఇంకెవరి మీదా తోసెయ్యడానికి లేదు.

ఇక మీ అర్జీ. మొదటి వాక్యంలోనే "అంతర్జాతీయ చట్టం ప్రకారం జాలర్లను జైల్లో పెట్టరాదు" అని రాశారు. ఆవేశం తెలుస్తోంది. అదే నా బల్ల మీదికి వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న: బోటు ఎక్కడుంది?

ఎందుకంటే, మీరు చెబుతున్నది సముద్ర చట్టాల ఒప్పందంలోని 73వ అధికరణం. భారత్, పాకిస్తాన్ రెండూ దానికి ఒప్పుకున్నాయి. చేపల వేట నిబంధనలు మీరినందుకు జైలుశిక్ష వేయకూడదని అందులో ఉన్న మాట నిజమే. అది తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలానికే వర్తిస్తుంది. తీరానికి 12 మైళ్ళ లోపలైతే అది ఆ దేశం సొంత జలాల కింద లెక్క, 73 అక్కడ పనికిరాదు. పైగా రెండు దేశాలూ వేరే ఒప్పందం చేసుకుంటే అదే చెల్లుతుంది. గుజరాత్ పక్కన సర్ క్రీక్ దగ్గర హద్దు ఎక్కడన్నది రెండు దేశాలూ ఇప్పటికీ తేల్చుకోలేదు. కాబట్టి జీపీఎస్ రీడింగు లేకుండా ఆ వాక్యం రాస్తే అవతలి లాయరు దాన్ని ఒక్క నిమిషంలో పడగొడతాడు.

పడగొట్టలేని వాక్యం వేరే చోట ఉంది. 2008 మే 21న రెండు దేశాలూ ఖైదీల గురించి ఒప్పందం రాసుకున్నాయి. అరెస్టయిన మూడు నెలల్లోపు ఖైదీని తన దేశపు కాన్సులర్ (రాయబార) అధికారి కలవాలి. శిక్ష పూర్తయ్యి, ఏ దేశస్థుడో ఖరారయ్యాక, నెలరోజుల్లో ఇంటికి పంపాలి. ఏటా జనవరి 1న, జులై 1న ఎవరి దగ్గర ఎందరున్నారో జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. అంటే మీ అర్జీలో ఉండాల్సినవి మూడు తారీఖులు: పట్టుకున్నది, శిక్ష పూర్తయ్యింది, మనిషి మనవాడేనని తేలింది. వాటి పక్కన ఆ నెలరోజుల గడువు పెడితే చాలు, 'అన్యాయం', 'అమానుషం' లాంటి మాటలతో పనిలేదు. మీ మూడు పేజీల అర్జీలో 'అమానుషం' నాలుగుసార్లు ఉంది. తారీఖు ఒక్కటే ఉంది, అదీ పైన మీరు అర్జీ రాసిన రోజుది.

తర్వాత, ఏ తలుపు తట్టాలి? పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మనం 1979లో చేరాం, పాకిస్తాన్ 2010లో. కానీ బాధితుడే నేరుగా మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేసుకునే వీలిచ్చే ఐచ్ఛిక ప్రొటోకాల్‌లో రెండూ చేరలేదు. ఆ తలుపు మూసే ఉంది. 1991లో పెట్టిన వర్కింగ్ గ్రూపు ఇంకొకటి ఉంది, అక్రమ నిర్బంధాల సంగతి చూడటానికి. ఐదుగురు నిపుణులుంటారు. ఏ దేశం మీదైనా, ఆ ప్రొటోకాల్‌లో చేరినా చేరకపోయినా, వాళ్ళకి రాయచ్చు. కింది కోర్టులన్నీ అయ్యాకే రమ్మనరు. కుటుంబం రాయచ్చు, వాళ్ళ తరఫున ప్లీడరు రాయచ్చు. ఫీజు లేదు. ప్రభుత్వానికి పంపి 60 రోజుల్లో జవాబు అడుగుతారు, ఆ తర్వాత తమ అభిప్రాయం చెబుతారు. ఏ నిర్బంధం అక్రమమో వాళ్ళు ఐదు రకాలుగా విడదీశారు. మొదటి రకానికి వాళ్ళిచ్చే ఉదాహరణే శిక్ష పూర్తయినా వదలకపోవడం! ఉద్దానంలో మీ ఇంటి అరుగు మీద కూర్చుని పంపగలిగే కాగితం అది. జెనీవా వెళ్ళక్కర్లేదు.

అప్పటివాళ్ళలో ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చేశారు, మంచిదే. కానీ మన తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ రేవుకి వలస ఆగలేదు. ఎచ్చెర్ల వైపు మత్స్యలేశం లాంటి ఊళ్ళ కుర్రాళ్ళు ఇంకా వెళ్తూనే ఉన్నారు. అడ్వాన్సు తీసుకున్న కలాసీ (బోటు మీద కూలీ), బోటు ఎక్కడికి పోతోందో అడిగే స్థితిలో ఉండడు. మళ్ళీ పట్టుబడితే ఎవరో ఒకరు ఆ కాగితం రాయాలి.

ఇక్కడే మిమ్మల్ని ఒకటి అడగాలి. "ఎప్పుడొత్తాడో రాసున్నాదా?" అని అడిగిన ఆ ముసలమ్మ మీరు కోరుకుంటున్న పోస్టులో మీ దగ్గరికి రాదు. క్షేత్ర ఉద్యోగి ఆమెతో మాట్లాడి, పేరు తీసేసి, ఒక నంబరు వేసి మీకు పంపుతాడు. మీకు ఆమె సాక్షి 27. అది ఆమె క్షేమం కోసమే, తప్పుపట్టడానికి లేదు. నా పేరు వేసుకోండి, నాకేం భయం లేదు అని సాక్షి స్వయంగా చెప్పినా, వేస్తే రేపు ఏమవుతుందో చూసి, వద్దని చెప్పాల్సింది కూడా మీరే. ఇరవై ఏళ్ళలో నేను కాపాడిన మనుషులు ఉండే ఉంటారు. వాళ్ళలో ఎదురుపడితే గుర్తుపట్టగలిగేది నలుగురైదుగుర్ని. కొందరికి ఆ దూరం హాయి. నాకు మొదటి పదేళ్ళూ హాయిగానే ఉంది.

2010 జులై 14న సోంపేట బీలలో, ఆ చిత్తడి నేలల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న ఊళ్ళవాళ్ళ మీద పోలీసు కాల్పులు జరిగినప్పుడు నేను ఇంకో ఖండంలో ఉన్నాను. తెలుగు చానెల్లో చూశాను. నాకు తెలిసిన రోడ్డు, మా అత్త ఊరికి వెళ్ళే దారి. ఏమీ అనడానికి లేదు. ఐక్యరాజ్యసమితి చార్టరు 100వ అధికరణం ప్రకారం ఏ ప్రభుత్వం దగ్గరా ఆదేశాలు తీసుకోకూడదు, ఎవరి పక్షమూ ఉన్నట్టు నడుచుకోకూడదు. అంతర్జాతీయ సిబ్బందిని సాధారణంగా సొంత దేశంలో వేయరు కూడా. ఆ థర్మల్ ప్లాంటుకి ఇచ్చిన పర్యావరణ అనుమతిని అప్పిలేట్ అథారిటీ కొట్టేసింది కూడా కాల్పులు జరిగిన ఆ రోజే. దాని కోసం కొట్లాడింది ఆ ఊళ్ళవాళ్ళు, వాళ్ళ వెంట తిరిగిన ఇక్కడి వకీళ్ళు. ఆ సాయంత్రం హోటలు గదిలో నాకు నా ఉద్యోగం మీద కోపం వచ్చింది. తెల్లారేసరికి తగ్గింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, జీతం కూడా మంచిదే.

ఇంత చెప్పినా వెళ్తానంటే, అందుతుందా అన్న ప్రశ్న. సీనియర్ అంటే మామూలుగా పీ-5 స్థాయి. పదేళ్ళ అనుభవం, అదీ ఆ రంగానికి సంబంధించింది, దాంతోపాటు మాస్టర్స్ డిగ్రీ అడుగుతారు. మాస్టర్స్ లేకపోతే సాధారణంగా ఇంకో రెండేళ్ళ అనుభవం చూపించాలి. మీ తొమ్మిదేళ్ళలో పార్టిషన్ దావాలు, చెక్ బౌన్సులు పక్కన పెడితే ఎన్నేళ్ళు మిగులుతాయో మీరే లెక్కవేసుకోండి. కాబట్టి ఆ ప్రకటన మీది కాదు, దాన్ని మడిచి పక్కన పెట్టండి. పీ-3కి ఐదేళ్ళు, పీ-4కి ఏడేళ్ళు అడుగుతారు. మీ మెట్టు అక్కడుంది. ఐక్యరాజ్యసమితి వాలంటీరుగా ముందు ఒక క్షేత్ర కార్యాలయంలో చేరినవాళ్ళని కూడా చాలామందిని చూశాను. పరీక్ష రాసి చేరే యువ ఉద్యోగుల పథకానికి 32 దాటకూడదు, మీకు దాటిపోయింది. పైగా కాలం బాగాలేదు. 2025లో సంస్థ మొత్తం డబ్బుకి కటకటలాడింది, ఉన్న పోస్టులకే కోతలు పెట్టింది. ఒకటి రెండేళ్ళలో ఉద్యోగం వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆ ఎదురుచూసే కాలం ఊరికే పోనక్కర్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్లో లేకపోతే చేరండి. సబ్ జైలుకి వెళ్ళి రిమాండు ఖైదీలతో మాట్లాడినది, బెయిల్ వచ్చినా పూచీకత్తు లేక లోపలే ఉండిపోయినవాళ్ళకి వేసిన పిటిషన్లు, గృహహింస కేసులు, ఇవన్నీ అక్కడ లెక్కకొచ్చే అనుభవమే. ఒక నోటు పుస్తకం పెట్టి రాసుకోండి, ఏ నెల, ఎన్ని, ఏం జరిగింది అని. ఇంటర్వ్యూలో "మీరేం చేస్తారు?" అని అడగరు, "మీరు చేసిన ఒక సందర్భం చెప్పండి" అంటారు. నేను బోర్డులో కూర్చున్నప్పుడు మన దేశం నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువమంది ఇక్కడే జారిపోయేవారు. సిద్ధాంతం చెప్పడం మొదలుపెడతారు. సందర్భం అడిగితే "మా టీము చేసింది" అంటారు. మీరేం చేశారమ్మా అంటే మొహమాటం. మన పెంపకం అలాంటిది. అక్కడ మాత్రం 'నేను' అనాలి.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. ఆ కార్యాలయాల్లో సగంమందికి పైగా ఇంగ్లీషు పరాయిభాషే. చిన్న వాక్యం, ఒక కర్త, ఒక క్రియ. తెలుగు మీడియం వాళ్ళం అలంకారాలు పెట్టలేం కాబట్టి మన ముసాయిదాలే శుభ్రంగా ఉంటాయి, మీరు నవ్వుకున్నా సరే. ఫ్రెంచ్ మాత్రం మొదలుపెట్టండి. జెనీవాలో, ఆఫ్రికాలో చాలా ఉద్యోగాలకి అదే తాళం చెవి.

జీడితోట అమ్మకండి. 2018 అక్టోబరులో తిత్లీకి పోయిన తోట, మళ్ళీ వేస్తే కాపు అందుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో మీకు నేను చెప్పాలా? ఇప్పుడిప్పుడే గింజ రాలుతున్న చెట్లని ఒక ఏడాది చదువుకి ఇచ్చేస్తారా? ఎల్ఎల్ఎం పనికొస్తుంది, కాదనను. అయితే ఎవరో ఒకరు ఖర్చు భరిస్తేనే చేయండి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ ఉంది. రెండేళ్ళ పని అనుభవం అడుగుతారు, ఖర్చంతా వాళ్ళదే. చదువయ్యాక రెండేళ్ళు మన దేశంలోనే ఉండాలంటారు, మీకది నష్టమేమీ కాదు. మొదటిసారి రాకపోతే రెండోసారి పెట్టండి. తోట తాకట్టు కూడా వద్దు. నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించండి.

అత్తగారి డయాలసిస్ సంగతి ఉత్తరంలో చిట్టచివర ఒక్క వాక్యంలో రాశారు. నేను రెండుసార్లు చదివాకగానీ నా కళ్ళకి ఆనలేదు. అది మొదటి వాక్యం కావాలమ్మా. వారానికి మూడు రోజులు, పొద్దున్న వెళ్తే వచ్చేసరికి సాయంత్రం. ఉద్దానంలో ఏ ఇంట్లో ఈ కిడ్నీ జబ్బు కథ లేదు గనక, మీకు అలవాటైపోయి చివరికి జరిగిపోయింది. మానవ హక్కుల పనిలో మొదట దొరికే పోస్టులు ఎక్కువగా కుటుంబాన్ని తీసుకెళ్ళనివ్వని చోట్లే ఉంటాయి. గొడవలున్న దేశాలు. కొన్ని వారాలకోసారి కొన్ని రోజులు సెలవిచ్చి బయటికి పంపుతారు, అంతే. నేను వెళ్ళేటప్పుడు నాకు పెళ్ళి కాలేదు, అమ్మానాన్నల్ని అన్నయ్య చూసుకున్నాడు. ఆయన చూసుకున్నాడు కాబట్టే నేను 'ధైర్యవంతురాలి'నయ్యాను. మీ ఇంట్లో ఆ అన్నయ్య ఎవరు? మీవారు బదిలీ పెట్టుకుని పలాస దగ్గర్లోకి రాగలరా? ఆడపడుచు ఉందా? ఈ మాట మీవారితో కూర్చుని మాట్లాడారో లేదో ఉత్తరంలో లేదు. మాట్లాడకుండా దరఖాస్తు పెట్టకండి. అత్తగారిని కూడా అడగండి. అందరం ఆవిడ గురించి మాట్లాడుకుంటున్నాం గానీ ఆవిడేమంటారో ఎవరమూ రాయలేదు.

ఈలోగా ఒక పని చేయండి. ఆ పాత అర్జీని ఆ వర్కింగ్ గ్రూపుకి రాస్తున్నట్టు మళ్ళీ రాయండి, సాధన కోసం. రెండు పేజీలు దాటనివ్వకండి. ఆ ముసలమ్మ కొడుకు పేరు, పట్టుబడిన తారీఖు, బోటు ఉన్న చోటు పైన పెట్టండి. "ఊరు ఊరంతా ఏడ్చింది" అన్న వాక్యం తీసేసి, ఏ రోజు ఎవరింటికి కబురు ఎలా వచ్చిందో రాయండి. ప్రతి వాక్యం పక్కన పెన్సిలుతో 'చూసింది' అనో 'విన్నది' అనో వేసి నాకు పంపండి. ఎర్ర పెన్ను నా దగ్గర ఇంకా ఉంది.